డీఓ-1 యాంటీబాడీ: పీ53 కోసం ఇంత డబ్బు పెట్టొచ్చా?

కళ్లు మూసుకుని కొనేయమని నేను ఏ యాంటీబాడీ గురించీ చెప్పను. కణాల్లో పీ53 అనే ప్రొటీన్‌ని వెతికి పట్టుకునే డీఓ-1 యాంటీబాడీ గురించి అడిగితే మాత్రం, మనిషి కణాలతో పనిచేసేవాళ్లయితే ఒక కన్ను మూసుకుని కొనమంటాను. రెండో కన్ను ఎందుకు తెరిచి ఉంచాలో చెప్పడానికే ఈ రివ్యూ. ఎలుక టిష్యూ మీద పనిచేసేవాళ్లు కొటేషన్ అడిగే ముందు ఇది తప్పకుండా చదవండి, డబ్బులు మిగులుతాయి.

నేను హైదరాబాద్‌లో ఒక క్యాన్సర్ రీసెర్చ్ ల్యాబ్‌లో పనిచేస్తాను. బ్లాట్లు (కణాల ప్రొటీన్లని జెల్‌లో సైజు వారీగా విడదీసి, మెంబ్రేన్ మీదికి ఎక్కించి, కావలసినదాన్ని యాంటీబాడీతో గీతలా, అంటే బ్యాండ్‌లా చూపించే పరీక్ష) నేనూ వేస్తాను, కొనుగోళ్ల ఫైలు కూడా నా టేబుల్ మీదే ఉంటుంది. కాబట్టి యాంటీబాడీ పనిచేయకపోతే రెండువైపుల నుంచీ నాకే వాయింపు. పిల్లలు "అక్కా, బ్యాండ్ రాలేదు" అంటూ వస్తారు. అకౌంట్స్ సెక్షన్ ఆయన "ఏంటమ్మా, నాలుగు చుక్కలకి ఇంత బిల్లా?" అంటారు. ఆయన అడిగేదాంట్లో తప్పేమీ లేదు. 2023 నుంచి జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ నెలకి 37,000 రూపాయలు. మాకొచ్చే కొటేషన్లలో ఒక మంచి మోనోక్లోనల్ (ఒకే కణం సంతతి నుంచి వచ్చే, ఒకే చోటుని పట్టే యాంటీబాడీ) వయల్ ధర చాలాసార్లు ఆ అంకె చుట్టుపక్కలే తిరుగుతుంటుంది. అంత పెట్టి తెప్పించాక డబ్బా విప్పితే చిన్న ట్యూబు, అడుగున తడి తగిలిందా లేదా అన్నట్టు కొంచెం ద్రవం. మా కొత్త పిల్లాడు మొదటిసారి చూసి "ఖాళీది పంపించారక్కా" అన్నాడు. సెంట్రిఫ్యూజ్‌లో ఒక్క క్షణం తిప్పి చూపించాక గానీ నమ్మలేదు. మీరూ మూత తీసేముందు అలా తిప్పండి. సగం మందు మూతకే అంటుకుని ఉంటుంది.

పీ53 గురించి కొత్తవాళ్ల కోసం రెండు మాటలు. 1979లో బయటపడిన ప్రొటీన్ ఇది. మొదటి పదేళ్లు దీన్ని క్యాన్సర్ పెంచే ప్రొటీన్ అనుకున్నారు. 1989 నాటికి గానీ ఇది క్యాన్సర్‌ని ఆపేదని తేలలేదు. డీఎన్ఏ దెబ్బతింటే కణాన్ని ఆగమని చెప్పేది, బాగుపడే దారి లేకపోతే చచ్చిపొమ్మని చెప్పేది ఇదే. క్యాన్సర్లలో ఎక్కువగా పాడయ్యే జన్యువు కూడా దీనిదే. విచిత్రం ఏంటంటే, ఆరోగ్యంగా ఉన్న కణంలో ఈ ప్రొటీన్ దాదాపు కనబడదు. తయారైన కాసేపటికే ఎండీఎం2 అనే ఇంకో ప్రొటీన్ దీన్ని పట్టుకుని ముక్కలు చేసే యంత్రానికి అప్పగిస్తుంది. ఆ ఎండీఎం2ని తయారు చేయించేది మళ్లీ పీ53యే. చాలా ట్యూమర్లలో పీ53 జన్యువులో ఒక్క అక్షరం మారి, పనికిరాని ప్రొటీన్ తయారవుతుంది. ఎండీఎం2ని పిలిచే శక్తి దానికి ఉండదు, అందుకని తొలగించే దిక్కు లేక పోగుపడిపోతుంది. చెత్తబండి రావడం మానేసిన వీధిని తలుచుకోండి. అలా పోగుపడిన పీ53ని యాంటీబాడీతో పట్టుకోవచ్చన్నదే మా పనిలో సగానికి ఆధారం.

డీఓ-1 పుట్టింది స్కాట్లాండ్‌లోని డండీలో డేవిడ్ లేన్ బృందంతో బోజివోయ్ వోయ్‌త్యెషెక్ చేసిన పనిలో. 1992లో ఆ పేపర్ వచ్చింది. దీనికి కవల లాంటి డీఓ-7 కూడా అందులోనిదే. కోలర్, మిల్‌స్టైన్ 1975లో కనిపెట్టిన హైబ్రిడోమా పద్ధతిలోనే రెండూ తయారయ్యాయి. ఎలుకకి మనిషి పీ53 ఎక్కించి, దాని ప్లీహంలోని కణాల్ని ఆగకుండా పెరిగే మైలోమా అనే క్యాన్సర్ కణాలతో కలిపి, వాటిలో మంచి కాలనీని ఏరుకోవడం. డీఓ-1 పట్టుకునేది మొత్తం 393 అమైనో ఆమ్లాల పీ53లో మొదటి కొసన ఉన్న చిన్న తునకని, 20 నుంచి 25 వరకు. మొత్తం ప్రొటీన్‌లో అంత చిన్న ముక్క. దీని గొప్పతనం, దీని తలనొప్పులు అన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి.

సరే, అసలు పరీక్ష. కొత్త వయల్ ఏది వచ్చినా, ఏ కంపెనీది వచ్చినా, పిల్లల శాంపిల్స్ దగ్గరికి పోనివ్వకుండా ముందు నేను ఒక బ్లాట్ వేస్తాను. లేన్లు (జెల్‌లో ఒక్కో శాంపిల్ నడిచే దారులు) ఎప్పుడూ ఒకే వరుస. మొదటిది హెచ్1299, ఊపిరితిత్తుల క్యాన్సర్ నుంచి తీసిన సెల్ లైన్, అంటే ల్యాబ్‌లో పెంచుతూ పోయే కణాలు. ఇందులో పీ53 జన్యువు కొంత ఎగిరిపోయింది, ప్రొటీన్ అసలు ఉండదు. రెండోది ఎంసీఎఫ్-7, రొమ్ము క్యాన్సర్ కణాలు, పీ53 సవ్యంగానే ఉంటుంది. మూడోది అదే ఎంసీఎఫ్-7కి డీఎన్ఏని దెబ్బతీసే డాక్సోరూబిసిన్ మందు ఒక రాత్రంతా పెట్టింది. నాలుగోది ఎండీఏ-ఎంబీ-468, ఇదీ రొమ్ము క్యాన్సర్‌దే, కానీ పీ53లో 273వ స్థానంలో ఆర్జినిన్ ఉండాల్సిన చోట హిస్టిడిన్ ఉంది. చోటు మిగిలితే హీలా అనే కణాలు కూడా పెడతాను, దాని సంగతి తర్వాత చెప్తాను. సెల్ లైన్లు మన దేశంలో చాలామంది పుణెలోని నేషనల్ సెంటర్ ఫర్ సెల్ సైన్స్ నుంచే తెప్పించుకుంటారు. మీ దగ్గర హెచ్1299 లేకపోతే పక్క ల్యాబ్‌లో అడగండి, ఎవరో ఒకరి లిక్విడ్ నైట్రోజన్ డబ్బాలో దొరుకుతుంది. పీ53 ఉన్నవీ తీసేసినవీ జంటగా దొరికే హెచ్‌సీటీ116 కణాలుంటే మరీ మంచిది.

10 శాతం జెల్, పీవీడీఎఫ్ మెంబ్రేన్. ట్రాన్స్‌ఫర్ అయ్యాక పాన్సో రంగు పోస్తే అన్ని లేన్లూ గులాబీరంగు గీతలతో సమానంగా తేలాలి. అది చూశాకే ముందుకి. యాంటీబాడీ ఎక్కడపడితే అక్కడ అంటుకోకుండా ఐదు శాతం స్కిమ్డ్ మిల్క్‌లో గంటసేపు. (విదేశీ 'బ్లాకింగ్ గ్రేడ్' పాలపొడి కొననక్కర్లేదు, సూపర్ మార్కెట్‌లో వెన్న తీసిన పాలపొడి చాలు. కొనుగోళ్ల ఫైలు చూసే మనిషిగా ఇది ఎవరు అడిగినా చెప్తాను.) తర్వాత డీఓ-1, 1:1000, కోల్డ్ రూమ్‌లో రాకర్ మీద రాత్రంతా. పొద్దున్నే కడిగి, యాంటీ-మౌస్ హెచ్‌ఆర్‌పీ సెకండరీ (డీఓ-1ని పట్టుకునే రెండో యాంటీబాడీ, దానికి హెచ్‌ఆర్‌పీ అనే ఎంజైమ్ అతికించి ఉంటుంది), మళ్లీ కడిగి, ఆ ఎంజైమ్ తగిలితే వెలుగునిచ్చే ఈసీఎల్ ద్రావణం పోసి ఇమేజర్‌లో పెట్టడం.

మొదట తెర మీదికొచ్చేది నాలుగో లేన్. ఎక్స్‌పోజర్ సెకన్లలో ఉండగానే ఎండీఏ-ఎంబీ-468 బ్యాండ్ నల్లగా, మందంగా, మధ్యలో కాలిపోయినట్టు తెల్లమచ్చతో వస్తుంది. సిగ్నల్ మరీ ఎక్కువైతే అలా అవుతుంది. ఈ లేన్‌లో ప్రొటీన్ తగ్గించి లోడ్ చేయాలి. కాసేపటికి డాక్సోరూబిసిన్ పెట్టిన ఎంసీఎఫ్-7 తేటగా లేస్తుంది. దాని పక్కన మందు పెట్టని ఎంసీఎఫ్-7లో సన్నటి గీత. అన్నీ 53 కిలోడాల్టన్ల (ప్రొటీన్ల బరువు కొలత) గుర్తు పక్కనే. నిజానికి ఈ ప్రొటీన్ లెక్క ప్రకారం తూగేది 44 కిలోడాల్టన్ల లోపే. ప్రోలిన్లు ఎక్కువున్న భాగం వల్ల జెల్‌లో నెమ్మదిగా కదులుతుంది, ఆ తప్పు కొలతే పేరుగా స్థిరపడిపోయింది. అందుకే 44 దగ్గర బ్యాండ్ వెతుక్కుంటూ కంగారుపడొద్దు.

ఇప్పుడు ఎక్స్‌పోజర్ పెంచుతాను. నిమిషాల్లోకి తీసుకెళ్తాను. నాలుగో లేన్ ముద్దైపోతుంది, మెంబ్రేన్ అంచులు బూడిదరంగు తిరుగుతాయి. నేను చూసేది మొదటి లేన్‌నే. హెచ్1299 ఉన్నచోట 53 దగ్గర ఏమీ లేదు. పైనా లేదు, కిందా లేదు. అదే మెంబ్రేన్ మీద, అన్ని కణాల్లోనూ ఉండే యాక్టిన్ ప్రొటీన్‌ కోసం యాంటీబాడీ వేస్తే మొదటి లేన్‌లో కూడా మిగతావాటితో సమానంగా బ్యాండ్ వస్తుంది, అంటే అక్కడ ప్రొటీన్ ఉంది, పీ53 మాత్రమే లేదు. నేను డబ్బు పెట్టింది ఆ ఖాళీ లేన్‌కే. నల్లటి బ్యాండ్ చూపించే యాంటీబాడీలు కావలసినన్ని దొరుకుతాయి. ఉండకూడని చోట నోరు మూసుకుని కూర్చునేవి తక్కువ.

ఈ మాట ఊరికే అనడం లేదు. డీఓ-1 కాకుండా ఇంకో ట్యూమర్ ప్రొటీన్ కోసం మేము ఒక పాలీక్లోనల్ (చాలా రకాల యాంటీబాడీల కలగలుపు) తెప్పించాం. కంపెనీ పేరు వద్దు. వెబ్‌సైట్‌లో నక్షత్రాలు బోలెడు, వాడిన పేపర్ల పట్టిక చాంతాడంత. మా బ్లాట్‌లో బ్యాండ్ కూడా సరిగ్గా రావలసిన సైజులోనే వచ్చింది, పిల్లలు సంబరపడ్డారు. ఎస్‌ఐఆర్‌ఎన్ఏతో ఆ జన్యువుని అణిచేసిన కణాల్లో ఆర్‌ఎన్ఏ బాగా తగ్గింది, బ్యాండ్ మాత్రం చెక్కు చెదరలేదు. జన్యువు పూర్తిగా తీసేసిన కణాలు ఇంకో ల్యాబ్ నుంచి తెచ్చి వేస్తే అందులోనూ అదే బ్యాండ్, అదే సైజు. అంటే అది ఇంకేదో ప్రొటీన్‌ని పట్టుకుంటోంది. టెక్నికల్ సపోర్ట్‌కి చిత్రాలన్నీ పంపితే "డైల్యూషన్ ఆప్టిమైజ్ చేసుకోండి మేడమ్" అని జవాబు. లేని ప్రొటీన్‌ని పట్టుకునేదాన్ని ఏ డైల్యూషన్‌లో ఆప్టిమైజ్ చేసుకోవాలో వాళ్లే చెప్పాలి.

మా ఒక్కరి గోడు కాదిది. ఈస్ట్రోజెన్ హార్మోన్‌ని అందుకునే ఈస్ట్రోజెన్ రిసెప్టర్ బీటా అనే ప్రొటీన్ కథ ఈ రంగంలో ఉన్న ప్రతివాళ్లూ తెలుసుకోవాలి. 1996లో దొరికిన ఆ ప్రొటీన్ మీద రొమ్ము క్యాన్సర్‌లో ఏళ్ల తరబడి పేపర్లు వచ్చాయి, ఒకదానికొకటి పొంతన లేకుండా. 2017లో స్వీడన్ పరిశోధకులు అందరూ వాడే 13 యాంటీబాడీల్ని వరసగా పరీక్షిస్తే, అన్ని పరీక్షల్లోనూ నిలబడింది ఒక్కటే. ఆ ఒక్కదానితో మళ్లీ టిష్యూలు చూస్తే మామూలు రొమ్ములోగానీ, రొమ్ము క్యాన్సర్‌లోగానీ ఆ ప్రొటీన్ జాడే కనబడలేదు. వృషణాల్లో ఉంది, అండాశయంలో ఉంది. 2023లో వచ్చిన ఇంకో పెద్ద అధ్యయనంలో నాడీ సంబంధమైన 65 ప్రొటీన్ల కోసం అమ్మే 614 యాంటీబాడీల్ని, జన్యువు తీసేసిన కణాలతో పోల్చి చూశారు. తన టార్గెట్‌ని గుర్తుపట్టని యాంటీబాడీతో ఒక్కో ప్రొటీన్ మీద సగటున డజను పేపర్లు దాకా వచ్చేశాయని తేలింది. నక్షత్రాలు, పేపర్ల పట్టిక చూసి కొనేవాళ్లకి ఈ రెండూ చాలు. అదే అధ్యయనంలో రీకాంబినెంట్ యాంటీబాడీలు (తెలిసిన జన్యువుని కణాల్లో పెట్టి తయారు చేయించేవి) మామూలు మోనోక్లోనల్, పాలీక్లోనల్ రెండిటి కంటే మెరుగ్గా నిలిచాయి. అందుకని కొత్త ప్రొటీన్ దేనికైనా రీకాంబినెంట్ దొరుకుతుంటే ముందు దానికే కొటేషన్ పెడుతున్నాను.

మళ్లీ డీఓ-1 దగ్గరికొద్దాం. కొనేటప్పుడు చాలామంది తికమకపడేది ఒకటుంది. డీఓ-1 క్లోన్ పేరు, ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. చాలా కంపెనీలు అమ్ముతున్నాయి. ధరలు పోల్చేటప్పుడు మైక్రోలీటర్లు చూడకండి, మైక్రోగ్రాములు చూడండి. ఒకరు మిల్లీలీటరుకి 200 మైక్రోగ్రాముల చొప్పున ఇస్తారు, ఇంకొకరు మిల్లీగ్రాము చొప్పున ఇస్తారు. మొదటిది 1:1000 కలిపితే వచ్చే బలం రెండోది 1:5000 కలిపినా వస్తుంది. 100 మైక్రోలీటర్ల ట్యూబు ఖరీదు ఎక్కువగా కనిపించి పక్కన పెట్టేస్తాం, లెక్క వేస్తే చవకైనది అదే కావొచ్చు. కొటేషన్‌లో గాఢత రాయకుండా పంపితే నేను ఫైలు ముందుకు కదపను. లాట్ నంబర్ కూడా రాసి పెట్టుకోండి. హైబ్రిడోమా నుంచి వచ్చే మోనోక్లోనల్ కాబట్టి లాట్ల మధ్య తేడా పాలీక్లోనల్స్‌లో ఉన్నంత ఉండదు, అయినా కొత్త లాట్ రాగానే పైన చెప్పిన బ్లాట్ మళ్లీ వేయాల్సిందే.

ఇక లోపాలు. మొదటిది, ఎలుక పీ53ని డీఓ-1 గుర్తుపట్టదు. డేటాషీట్‌లో 'హ్యూమన్' అని ఉంటుంది, తొందరలో ఎవరూ చదవరు. మనిషి పీ53లో 21వ స్థానంలో ఆస్పార్టేట్ ఉంటే ఎలుకలో సరిగ్గా అక్కడ గ్లైసిన్ ఉంది. ఆ చిన్న మార్పుకే పట్టు జారిపోతుంది. ఎలుక టిష్యూ అయితే సీఎం5 అనే కుందేలు పాలీక్లోనల్ ఉంది, అది ఎలుక పీ53 మీద తయారు చేసిందే. అది తెచ్చుకోండి.

రెండోది దీనికి తోక లాంటిది. మనిషి ట్యూమర్‌ని ఎలుకలో పెంచే జెనోగ్రాఫ్ట్ పనికి డీఓ-1 చాలా నప్పుతుందనిపిస్తుంది, ఎందుకంటే మనిషి పీ53ని మాత్రమే చూపిస్తుంది, చుట్టూ ఉన్న ఎలుక కణాల్ని పట్టించుకోదు. అంతవరకు నిజమే. కానీ డీఓ-1 స్వయంగా ఎలుక యాంటీబాడీ, ఐజీజీ అనే యాంటీబాడీ జాతిలో ఐజీజీ2ఏ రకం. దాన్ని చూపించడానికి వేసే యాంటీ-మౌస్ సెకండరీ, టిష్యూలో రక్తంతో పాటు వచ్చిన ఎలుక యాంటీబాడీలన్నిటినీ పట్టేస్తుంది. వాటి హెవీ చైన్, అంటే యాంటీబాడీలోని పెద్ద ముక్క, వచ్చేది ఎక్కడనుకున్నారు? 50 కిలోడాల్టన్ల దగ్గర. సరిగ్గా మన పీ53 నెత్తిమీద. లావుపాటి బ్యాండ్ ఒకటి వచ్చి కూర్చుంటుంది, అది పీ53నా, ఎలుక ఐజీజీనా తేల్చడం ఎవరి తరం కాదు. హెచ్‌ఆర్‌పీ నేరుగా అతికించిన డీఓ-1 దొరుకుతుంది, ఈ పనికి అది కొనండి, సెకండరీ గొడవ ఉండదు. ఇమ్యునోప్రెసిపిటేషన్‌లోనూ (యాంటీబాడీతో ప్రొటీన్‌ని ద్రావణంలోంచి లాగి తీయడం) ఇదే తలనొప్పి, ఇదే మందు. ట్యూమర్ లేని ఎలుక టిష్యూని ఒక లేన్‌లో పెట్టమని మాత్రం మర్చిపోకుండా చెప్తాను, అందులో బ్యాండ్ వస్తే ఆ బ్లాట్ చెత్తబుట్టలోకే.

మూడోది ఎండీఎం2. అది పీ53ని పట్టుకునే చోటు, డీఓ-1 పట్టుకునే చోటు దాదాపు ఒకటే. రెండూ జతగా ఉన్నాయా అని డీఓ-1తో లాగి చూస్తే, ఎండీఎం2 కూర్చున్న పీ53 మీద డీఓ-1కి కూర్చునే చోటుండదు. అప్పుడు "రెండూ కలవడం లేదు" అనిపిస్తుంది. ఈ పనికి ప్రొటీన్‌లో ఇంకో కొసని పట్టే యాంటీబాడీ చూసుకోండి. అలాగే 2005లో డండీ నుంచే జాన్-క్రిస్టోఫ్ బూర్డాన్ బృందం పీ53కి పొట్టి రూపాలున్నాయని చూపించింది. వాటిలో 40వ అమైనో ఆమ్లం దగ్గరో, 133 దగ్గరో మొదలయ్యేవి డీఓ-1కి కనపడవు, పట్టుకోవాల్సిన తునకే వాటిలో లేదు మరి. ఈ రూపాల (ఐసోఫార్మ్‌ల) మీద పని చేసేవాళ్లు డీఓ-1 ఒక్కదాన్నే నమ్ముకుంటే కుదరదు.

ఇవన్నీ యాంటీబాడీ తప్పులు అననులెండి. ఒక తునకని పట్టే మోనోక్లోనల్ నుంచి ఇంతకంటే ఆశించకూడదు. నాకు అసలు చిరాకు తెప్పించేది, బ్యాండ్‌ని చదివే తీరు. డీఓ-1 చెప్పేది 'ఎంత ఉంది' అని మాత్రమే. పనిచేస్తోందా లేదా అన్నది దానికి తెలియదు. మా బ్లాట్‌లో డాక్సోరూబిసిన్ పెట్టిన ఎంసీఎఫ్-7, ఏమీ పెట్టని ఎండీఏ-ఎంబీ-468 రెండూ నల్లగానే కనిపిస్తాయి. మొదటిది డ్యూటీ ఎక్కిన పీ53. రెండోది డీఎన్ఏని పట్టుకోలేని పీ53. తేడా తెలియాలంటే అదే లైసేట్‌లో (కణాల్ని పగలగొట్టి తీసిన ద్రావణం) పీ21 కూడా వేయండి. పీ53 తయారు చేయించే ప్రొటీన్ అది. మందు పెట్టాక ఎంసీఎఫ్-7లో పైకి లేస్తుంది. హీలా సంగతి ఇంకో రకం. అది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ సెల్ లైన్, పీ53 జన్యువు చక్కగా ఉంది, కానీ పాపిలోమా వైరస్ తెచ్చిన ఈ6 ప్రొటీన్ దాన్ని ఎప్పటికప్పుడు ముక్కలు చేయించేస్తుంటుంది. బ్యాండ్ మసగ్గా వస్తుంది. సెమినార్‌లో ఆ లేన్ చూపించి "ఇందులో మ్యుటేషన్ ఉందా?" అని అడిగితే క్లాసంతా గోల.

పారఫిన్ బ్లాక్‌ల మీద, అంటే పేషెంట్ ట్యూమర్ సెక్షన్ల మీద అయితే నేను డీఓ-7 వైపే మొగ్గుతాను. పట్టుకునే చోటు దాదాపు అదే అయినా పాథాలజీ ల్యాబుల్లో బాగా అలవాటున్నది అది, పోల్చుకోవడానికి అనుభవం ఉన్నవాళ్లు దొరుకుతారు. ఫార్మలిన్‌లో బిగుసుకుపోయిన సెక్షన్‌ని బఫర్‌లో వేడి చేసి తెరవకపోతే రెండూ ఏమీ చూపించవు. ఆ పద్ధతి 1991లో వచ్చింది, అంతకుముందు చాలా యాంటీబాడీలకి గడ్డకట్టించిన టిష్యూనే గతి. స్లైడ్ మీద చూసేటప్పుడు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. న్యూక్లియస్‌లన్నీ ముదురు గోధుమరంగులో ఉంటే మ్యుటేషన్ అని అందరికీ తెలుసు. ట్యూమర్‌లో ఒక్క న్యూక్లియస్‌కి కూడా రంగు లేకపోతే? దాన్ని 'నెగటివ్, నార్మల్' అని ఎక్సెల్ షీట్‌లో నింపేసిన డేటా నా కళ్లముందే తిరిగింది. జన్యువు మధ్యలో తెగిపోయినా ప్రొటీన్ ఉండదు, అది కూడా మ్యుటేషనే. నార్మల్ అయితే అక్కడక్కడా లేతగా, కొన్ని ముదురుగా, కొన్ని అసలు లేకుండా కలగాపులగంగా ఉంటుంది. ట్యూమర్ పూర్తిగా తెల్లగా ఉంటే, దాని పక్కనున్న లింఫోసైట్లలో (తెల్ల రక్తకణాలు), స్ట్రోమాలో (ట్యూమర్‌ చుట్టూ ఉండే మామూలు కణజాలం) కొంచెమైనా రంగుందా చూడండి. అక్కడ ఉంటే స్టెయిన్ పనిచేసినట్టు, ట్యూమర్‌లో నిజంగానే లేనట్టు. అక్కడా లేకపోతే స్లైడ్ మళ్లీ వేయండి. హై-గ్రేడ్ సీరస్ అండాశయ క్యాన్సర్ సెక్షన్లు దొరికితే వాటితో నేర్పించడం తేలిక. 2011లో టీసీజీఏ అనే అమెరికా క్యాన్సర్ జన్యువుల ప్రాజెక్టు చూసిన 316 ట్యూమర్లలో 96 శాతానికి ఈ జన్యువులో మ్యుటేషన్ ఉంది, పూర్తిగా ముదురుగా ఉన్నవీ, అసలు రంగే లేనివీ రెండు రకాలూ కళ్లకి కనిపిస్తాయి. ఒక హెచ్చరిక కూడా: మనం కొనే వయల్ మీద పరిశోధనకి మాత్రమే అని రాసి ఉంటుంది. దానితో వచ్చిన ఫలితం ఏ పేషెంట్ ఫైల్లోకీ వెళ్లకూడదు.

సర్వీస్ గురించి చెప్పకపోతే రివ్యూ పూర్తికాదు. యాంటీబాడీకి ఐదుకి నాలుగున్నర ఇస్తాను, తెచ్చిపెట్టిన డీలర్‌కి రెండు. ఆర్డర్ పెట్టాక వారాల తరబడి "కస్టమ్స్‌లో ఉంది మేడమ్" తప్ప ఇంకో మాట లేదు. మే నెల మధ్యాహ్నం, బయట తారు కరిగే ఎండ, డెలివరీ అబ్బాయి థర్మాకోల్ డబ్బా తెచ్చి సెక్యూరిటీ గేటు దగ్గర పెట్టి వెళ్లిపోయాడు. నేను వెళ్లి విప్పేసరికి జెల్ ప్యాక్‌లు మెత్తగా, వెచ్చగా ఉన్నాయి. ఎంత టెన్షన్ పడ్డానో నాకే తెలుసు. ఫోటోలు తీసి, డబ్బా మీది తేదీతో సహా మెయిల్ పెట్టాను, వెంటనే కంట్రోల్ బ్లాట్ వేశాను. బ్యాండ్లు యథాప్రకారం వచ్చాయి. ఐజీజీ మామూలుగా కొంత వేడికి తట్టుకుంటుంది, అది మన అదృష్టం. దాన్ని డీలర్ తన గొప్పగా చెప్పుకుంటే మాత్రం ఒప్పుకోను. ఎంజైమ్ అయ్యుంటే పోయేదే. మీరు కూడా వేసవిలో తెప్పిస్తే డబ్బా విప్పేటప్పుడు ఫోటో తీసి పెట్టుకోండి, తర్వాత వాదన పెట్టుకోవడానికి పనికొస్తుంది.

రాగానే చిన్న చిన్న అలికాట్లు చేయండి, అంటే కొంచెం కొంచెంగా వేరే ట్యూబుల్లోకి పంచి పెట్టండి. సూక్ష్మజీవులు పెరగకుండా వేసే సోడియం అజైడ్ ఉన్న వయల్ అయితే 4 డిగ్రీల దగ్గర చాలాకాలం బాగానే ఉంటుంది, మాటిమాటికీ గడ్డకట్టించి కరిగించడమే చెడ్డది. కలిపిన ద్రావణాన్ని అజైడ్ వేసి మళ్లీ మళ్లీ వాడుకోవడం మన ల్యాబుల్లో మామూలే, డీఓ-1 దానికి బాగా నిలుస్తుంది. అయితే హెచ్‌ఆర్‌పీ అతికించిన దాంట్లో అజైడ్ వేయకండి, ఎంజైమ్ పడిపోతుంది. డబ్బా మీద మార్కర్‌తో 'అజైడ్ వద్దు' అని పెద్దగా రాస్తాను, తెలుగులోనే.

మీ ల్యాబ్‌లో నెలకి ఒకటో రెండో పీ53 బ్లాట్లు వేసేవాళ్లయితే పెద్ద ప్యాక్ జోలికి పోకండి. పక్క ల్యాబ్‌తో కలిసి ఒకటి కొని పంచుకోండి, లాట్ నంబర్ ఇద్దరూ రాసుకోండి. కొటేషన్ అడిగేటప్పుడు డీలర్‌కి మెయిల్‌లో ఇలా రాయండి: క్లోన్ డీఓ-1, అజైడ్ ఉన్నదా లేనిదా, గాఢత ఎంత, హెచ్‌ఆర్‌పీ అతికించినదా మామూలుదా, పీ53 లేని కణాలతో తీసిన బ్లాట్ చిత్రం కంపెనీ దగ్గరుంటే జతచేయండి. ఆ ఆఖరిది అడిగితే కొందరు డీలర్లు రెండో మెయిల్‌కి జవాబివ్వరు, వాళ్ల దగ్గర కొనక్కర్లేదు.